జేబు టార్చ్‌లైట్‌కి లూమెన్లు కాదు, ఎరుపు చూడండి

"రోజూ జేబులో వేసుకుని తిరగడానికి తక్కువ ధరలో నమ్మకమైన ఎల్‌ఈడీ టార్చ్‌లైట్ ఏది? ఎన్ని లూమెన్లు ఉండాలి?" అని అడిగారు.

లూమెన్ల లెక్క, అంటే లైటు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందన్న లెక్క, ముందే చెప్పేస్తాను. చీకట్లో మెట్లు దిగడానికి, తాళం కన్నం వెతకడానికి, మెయిన్ బోర్డు దగ్గర ఫ్యూజు చూడడానికి 100 లూమెన్లే ఎక్కువ. కుక్కలు అరుస్తుంటే సందు చివరిదాకా వెలుగు కొట్టి చూడాలంటే 300 చాలు. అంతకన్నా ఎంతో ఎక్కువ ఇచ్చే లైటు జేబులో పట్టేంత చిన్నదైతే, కాసేపటికే వేడెక్కి తనంతట తనే తగ్గిపోతుంది. పైగా లూమెన్లు రెట్టింపైతే కంటికి వెలుగు రెట్టింపు కనపడదు. అలా కనపడాలంటే సుమారు నాలుగు రెట్లు కావాలి. 1000కీ 1200కీ తేడా డబ్బా మీద తప్ప ఇంకెక్కడా తెలీదు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. ఆ వెలుగులో ఎరుపు ఎర్రగా కనపడుతోందా లేదా అన్నది. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. సీజన్లో మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. సాయంత్రం నుంచే లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. రాత్రంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. ఏ టిక్కీ మీద ఏ రైతు మార్కు ఉందో, ఏది వానకి తడిసిందో, దేంట్లో తాలు (రంగు పోయిన పనికిరాని కాయ) ఎక్కువుందో అన్నీ టార్చ్ వేసుకుని చూసుకోవాల్సిందే. సీజన్ అయిపోయాక ఏసీ సరుకు మొదలవుతుంది, అంటే రేటు కోసం ఆగిన రైతు కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న కాయ. అక్కడ ఇంకా చీకటి. కాబట్టి టార్చ్ నాకు పనిముట్టు. ఫోన్ లైటుతో ఈ పని అవదు. ఒక చేత్తో కాయ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంటే, సరిగ్గా అప్పుడే షావుకారు ఫోన్ చేస్తాడు.

ఓ వానాకాలం సాయంత్రం. మాచర్ల వైపు రైతు ఒకాయన, నేను బాబాయ్ అని పిలిచే మనిషి, 355 బాడిగ అనే రకం మిర్చి ఏసీలో పెట్టుకున్నాడు. బాడిగకి రంగే ప్రాణం. తేజా రకానికి ఘాటు చూసి రేటు కడితే దీనికి రంగు చూసి కడతారు. కొనుగోలుదారు తరఫు మనిషి శాంపిల్ చూస్తానని వచ్చాడు. టిక్కీలు బయటి ప్లాట్‌ఫాం మీదికి తెచ్చి పెట్టించాం. అంతలో మబ్బు కమ్మేసి కుండపోత. కరెంటు పోయింది. జనరేటర్ మిషన్లకే గానీ ప్లాట్‌ఫాం లైట్లకి ఇవ్వరు. ఆ మనిషికి ఇంకో రెండు చోట్లకి వెళ్ళాల్సిన తొందర. టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయ తీశాడు, సంచిలోంచి పెద్ద జూమ్ టార్చ్ తీసి దాని మీద వేశాడు. నీలంగా, కళ్ళు జిగేలుమనే వెలుగు. అందులో కాయ చూస్తే ఎక్కడా ఎరుపు లేదు. పాత తోలు రంగులో, మడతల్లో నల్లగా కనపడింది.

"రంగు దిగిపోయింది గుమస్తా గారూ. క్వింటాలుకి రెండు వేలు తగ్గిస్తేనే రాసుకుంటా" అన్నాడు.

నాకు బాధ కలిగించింది ఆ మాట కాదు. బాబాయ్ కూడా వంగి చూసి, "నిజమేరా అబ్బాయ్, నల్లబడ్డట్టే ఉంది. కల్లంలోనే అమ్మేయమని మీ పిన్ని చెప్తూనే ఉంది" అన్నాడు. తను పండించి, ఆరబోసి, తాలు ఏరించిన కాయ. దాని రంగు ఆయనకన్నా ఎవరికి తెలుసు? అలాంటి మనిషి ఆ లైటుని నమ్మి తన సరుకుని తనే అనుమానించాడు.

నా జేబులో టార్చ్ తీసి అదే గుప్పెడు మీద వేశాను. నాది వేలెడంత లైటు, ఆయన దాంట్లో సగం వెలుగు కూడా ఉండదు. కాయ ఎర్రగా వచ్చింది. ఒకే కాయ మీద చెరో పక్క నుంచి రెండు లైట్లు వేయించాను. ఒక సగం మట్టిరంగు, ఒక సగం ఎరుపు. ముఠా కూలీలు కూడా పని ఆపి చూశారు.

ఆ మనిషి ఊరుకోలేదు. "మీ లైటే పసుప్పచ్చగా ఉండి కాయని ఎర్రగా చూపిస్తోంది" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. "నా లైటూ వద్దు, మీ లైటూ వద్దు, పొద్దున్న ఎండలో చూద్దాం" అన్నాను. తెల్లారాక వాన తెరిపి ఇచ్చింది. అవే టిక్కీలు ఆరుబయట విప్పించాం. రెండు వేల మాట మళ్ళీ ఎత్తలేదు. చల్లటి గదిలోంచి తీసిన కాయ కాస్త చెమర్చిందని వంద తగ్గించాడు. అది న్యాయమే.

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు. దాని మీద ఫాస్ఫర్ అనే పసుపు పూత ఉంటుంది, అది నీలం వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపు అనిపిస్తాయి. ఈ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. కానీ ఆ నీలం పసుపుల కలయికలో ఎరుపు బాగా తక్కువ. వెలుగులో లేని ఎరుపుని కాయ ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తుంది? ఎర్ర ఫాస్ఫర్ కూడా కలిపితే రంగు బాగుపడుతుంది, కాకపోతే లూమెన్లు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. జనం లూమెన్లే అడుగుతున్నారు కాబట్టి కంపెనీలు ఎరుపుని వదిలేసి అంకె పెంచుకుంటున్నాయి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

దీనికి కొలత ఉంది. సీఆర్‌ఐ అంటారు, వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో 100కి లెక్క. చవక టార్చ్‌ల్లో 70 దగ్గర ఉంటుంది. 90 దాటితే మంచిది. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ సీఆర్‌ఐ ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి విడిగా ఆర్9 అని ఇంకో అంకె ఉంది. చవక ఎల్‌ఈడీల్లో ఆ ఆర్9 సున్నాకి దిగువకి కూడా పోతుంది. డబ్బా మీద ఆర్9 రాసిన కంపెనీ కనపడితే ఆ కంపెనీకి టార్చ్ అంటే ఏంటో తెలుసని అర్థం.

కెల్విన్ అని ఇంకో అంకె ఉంటుంది, వెలుగు నీలంగా ఉందా పసుప్పచ్చగా ఉందా చెప్పేది. 6500 అంటే నీలం కొట్టే తెలుపు. 4000 నుంచి 5000 మధ్యది తీసుకోండి, నా పనికైతే 5000, పగటి వెలుగుకి దగ్గర. పసుప్పచ్చగా ఉన్నంత మాత్రాన రంగు నిజంగా చూపిస్తుందని అనుకోవద్దు. పసుపు వెలుగులోనూ ఎరుపు లేని లైట్లు ఉన్నాయి.

మా యార్డులో పెద్ద గుమస్తాలు "పాత ఇత్తడి టార్చ్‌లోనే కాయ బాగా కనపడేది" అంటుంటారు. కుర్రాళ్ళు చాదస్తం అని కొట్టిపారేస్తారు. ఆ పెద్దవాళ్ళ మాట అక్షరాలా నిజం. లోపల ఫిలమెంటు బల్బు ఉండేది. వేడెక్కి వెలిగే తీగ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, ఎరుపైతే పుష్కలం. దాని సీఆర్‌ఐ 100కి దగ్గరే. మూడు పెద్ద సెల్స్ మింగేది, వెలుగు తక్కువ, అయినా కాయ గురించి అబద్ధం చెప్పేది కాదు.

మీరు మిర్చి వ్యాపారం చేయకపోవచ్చు. బోర్డులో ఎర్ర వైరేదో గోధుమరంగు వైరేదో చూడాలన్నా, పిల్లాడి ఒంటి మీద లేచిన దద్దుర్లు చూడాలన్నా, మట్టిలో కలిసిపోయే రంగులో పడుకున్న రక్తపింజరని గుర్తుపట్టాలన్నా ఇదే వెలుగు కావాలి.

కొట్లో పరీక్షించడం చాలా సులువు. జేబులో ఒక ఎండు మిరపకాయ వేసుకెళ్ళండి. షాపు ట్యూబ్‌లైటు కింద కాకుండా కౌంటర్ కిందో, సంచిలోనో చీకటి చేసి దాని మీద టార్చ్ వేసి చూడండి. కాయ లేకపోతే మీ అరచెయ్యి చాలు. మంచి లైటులో అరచెయ్యి గులాబీ రంగులో, నెత్తురున్న చెయ్యిలా కనపడుతుంది. చెడ్డ లైటులో పాలిపోయి బూడిదరంగుకి తిరుగుతుంది. అలాగే ఫోన్ కెమెరా తెరిచి ఆ వెలుగుని చూడండి. తక్కువ వెలుగులో పెట్టినప్పుడు తెర మీద చారలు బాగా పరుగెడితే ఆ లైటు లోపల ఆరుతూ వెలుగుతూ ఉందన్నమాట, ఎక్కువసేపు చూస్తే కళ్ళు గుంజుతాయి. మా గుంటూరు పట్నం బజారులో కొందరు షాపువాళ్ళు డబ్బా విప్పనివ్వరు. విప్పనివ్వని చోట కొనకండి.

ఇక నమ్మకం అన్నారు కదా. నమ్మకం సగం సెల్‌లో ఉంటుంది. లోపలే బ్యాటరీ బిగించేసిన టార్చ్ వద్దు, అది పోయిన రోజున టార్చే పోతుంది. ముఖ్యంగా వెనక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా ప్లగ్గులో గుచ్చే రకం ఇంట్లోకే రానివ్వకండి. చవకవాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి సర్క్యూట్‌కీ కరెంటు లైనుకీ మధ్య అడ్డు ఉండదు. ఛార్జింగులో ఉండగా పగిలిన చోట వేలు తగిలితే షాకే. అందులో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా ఛార్జి లేకుండా నెలల తరబడి పడుంటే చచ్చిపోతుంది. సరిగ్గా కరెంటు పోయిన రోజే వెలగదు.

సెల్ మార్చుకునేవాటిల్లో రెండు దారులు. పెన్సిల్ సెల్ ఒకటి వేసే చిన్న టార్చ్ ఒకటి, 18650 అనే లిథియం సెల్ వేసేది ఇంకోటి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. దీంట్లో శక్తి చాలా ఎక్కువ, మోసమూ చాలా ఎక్కువ. సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో ఎంఏహెచ్‌లో చెప్తారు, పేరున్న కంపెనీల మంచి సెల్స్ కూడా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఉంటాయి. 9900 అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం. అనుమానమొస్తే కాటా వేయండి. అసలు సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. తేలిగ్గా ఉందంటే లోపల సరుకు లేదు. సరుకు కాటా వేసి తీసుకునే ఊళ్ళో సెల్ మాత్రం అంకె చూసి కొనడమేంటి?

పెన్సిల్ సెల్ రకానికి మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి మర్చిపోకండి, కారి స్ప్రింగుని తినేస్తాయి. రీఛార్జబుల్ నికెల్ సెల్స్ వేయండి. వోల్టేజీ 1.2 అని తక్కువ కనపడినా పని బాగా చేస్తాయి, ఏసీ చలిలో కూడా ఆల్కలైన్ కన్నా నిలబడతాయి. అవసరమైతే మా ఊరి బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్ళినా కిరాణా కొట్లో పెన్సిల్ సెల్ దొరుకుతుంది. ఈ ఒక్క కారణానికే ఇంట్లో ఆడవాళ్ళకీ, పెద్దవాళ్ళకీ నేను ఈ రకమే ఇస్తాను.

టైప్ సీ ఛార్జింగు ఉందని మురిసిపోయే ముందు ఒక మాట. చవకవాటిలో చాలా వరకు రెండు పక్కలా టైప్ సీ ఉన్న కేబుల్ పెడితే ఛార్జి ఎక్కవు, రెసిస్టర్ అనే ఒకటి రెండు చిన్న భాగాల ఖర్చు మిగుల్చుకోవడం కోసం. పాత వెడల్పు యూఎస్‌బీ కేబుల్ ఇంట్లో ఉంచుకోండి.

జూమ్ టార్చ్‌లు వద్దు. ముందుకీ వెనక్కీ జరిగే ఆ తల సందులోంచి నీళ్ళు, మా దగ్గరైతే కారం దుమ్ము, అన్నీ లోపలికి పోతాయి. ఐపీఎక్స్7 అని రాసిన లైటు తీసుకుంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది. ఆ మిణుకు మిణుకు మోడ్ కూడా ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. వెలుగు తగ్గించుకోవాలంటే ముందు అది దాటుకుంటూ వెళ్ళాలి. నిచ్చెన మీద ఉన్నవాడి కళ్ళలో అది కొడితే పడిపోతాడు. ఒక నొక్కుకి వెలగాలి, తక్కువ వెలుగుతో మొదలవ్వాలి, అంతే.

డబ్బా మీద "100 గంటలు" చూసి కూడా కొనకండి. 2009లో టార్చ్‌ల కోసం వచ్చిన ఎఫ్ఎల్1 అనే కొలమానం ప్రకారం మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా వెలిగినట్టే లెక్క. ఆ చివరి గంటల వెలుగుతో కాలికింద చెప్పు కూడా కనపడదు.

పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కాన్వాయ్ అనే చైనా కంపెనీ ఎస్2 ప్లస్ అనే 18650 లైటు అమ్ముతుంది, దాంట్లో నిచియా 519ఎ ఎల్‌ఈడీ వేసింది అడిగి తీసుకోండి. నకమురా పనిచేసిన ఆ జపాన్ కంపెనీయే నిచియా, రంగు విషయంలో దాని ఎల్‌ఈడీలకి మంచి పేరు. సోఫర్న్ కూడా చవకలో బాగానే చేస్తుంది. 2020 నవంబర్‌లో అలీఎక్స్‌ప్రెస్ అనే చైనా ఆన్‌లైన్ అంగడిని మన దేశంలో నిషేధించాక వీటిని అక్కడినుంచి తెప్పించుకునే దారి మూసుకుపోయింది. ఇక్కడి ఆన్‌లైన్ అమ్మకందారుల దగ్గర కాస్త ఎక్కువ పెట్టి కొనాలి. సెల్‌తో కలిపి ఆ ఖర్చు పెట్టగలిగితే ఏళ్ళ తరబడి వాడుకునే లైటు వస్తుంది. అంత పెట్టలేకపోతే దగ్గర్లో ఏ షాపులో అయినా పెన్సిల్ సెల్ వేసే అల్యూమినియం టార్చ్ తీసుకోండి, కాకపోతే మిరపకాయ పరీక్ష చేయకుండా డబ్బులివ్వకండి. రెండు మూడు విప్పిస్తే వాటిలో ఏదో ఒకదాని వెలుగులో కాయ మిగతావాటికన్నా ఎర్రగా కనపడుతుంది. అది తీసుకోండి, డబ్బా మీద లూమెన్లు తక్కువున్నా సరే.