చర్మం – సందేహాలు: రాసిన గంటకే ఆరిపోతోందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్లే. చలి మొదలైనప్పటి నుంచి కాళ్లు పొట్టు లేస్తున్నాయి, గోరు తగిలితే తెల్లగా గీత పడుతోంది. యూరియా లోషన్ రాస్తే భగ్గుమంటోంది. గ్లిజరిన్ రాస్తే గంటకే మళ్లీ మామూలే. సున్నిపిండితో రుద్దితే పొట్టు పోతుందని అత్తయ్య అంటారు. రుద్దమంటారా?

జవాబు: వద్దండీ. మీకిప్పుడు పోవాల్సింది పొట్టు కాదు, నిలవాల్సింది దాని కింది పొర. చర్మం పైపొరలో మృతకణాలు వరసలుగా పేర్చి ఉంటాయి. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు వాటి సందుల్ని పూడుస్తాయి. ఆ కొవ్వు తరిగితే లోపలి నీరు ఆవిరైపోతుంది, బయటి ఘాటు లోపలికి దిగుతుంది. యూరియా మండేది అందుకే. ప్రతి మంటా అలర్జీ కాదు.

చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5, మామూలు సబ్బుది 9–10. ఆ క్షారం చర్మం పైపొరను దెబ్బతీస్తుంది. బోరు నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టులా ఒంటికి అంటుకుంటుంది, ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు. కాబట్టి సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించండి.

తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు తడితడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు క్రీము రాయండి. గ్లిజరిన్ నీటిని పట్టి లాగుతుంది. పైన మూత లేకపోతే, పొడిగాలిలో అలా లాగిన నీరూ ఎగిరిపోతుంది. అందుకే గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న చిక్కటి క్రీము వాడి, రాత్రిపూట బాగా పొడిబారిన చోట పైన పెట్రోలియం జెల్లీ పలచగా పులమండి. ఒట్టి జెల్లీ నీటినివ్వదు, ఉన్నదాన్ని కాపాడుతుందంతే. కొబ్బరినూనె ఫర్వాలేదు కానీ ఆలివ్ నూనె వద్దు, అందులోని ఓలియిక్ ఆమ్లం ఆ పొరనే వదులు చేస్తుంది.

చాలామంది తప్పేది కొలతలో. చూపుడువేలి కొన నుంచి మొదటి కణుపు దాకా ట్యూబు పిండితే అర గ్రాము. పాదంతో సహా ఒక కాలికి అలాంటివి ఎనిమిది, అంటే 4 గ్రాములు. రెండు కాళ్లకు రోజుకు రెండుసార్లంటే 16 గ్రాములు. 100 గ్రాముల ట్యూబు వారం కూడా రాదు. నెల వచ్చిందంటే మీరు రాయట్లేదు, తాకిస్తున్నారు!

రెండు మూడు వారాలయ్యాక, మంట తగ్గితే, మడమలకు యూరియా మళ్లీ మొదలుపెట్టొచ్చు. రసి కారినా, దురదకు నిద్ర పట్టకపోయినా, చిన్నప్పటి నుంచీ చేప పొలుసుల్లా ఉన్నా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. మొటిమలకు అడాపలీన్ వాడుతున్నాడు. ముఖం జిడ్డే, అయినా పెదాల పక్కన పొట్టు లేస్తోంది. మాయిశ్చరైజర్ రాస్తే మొటిమలు పెరగవా?

జవాబు: సరైనది రాస్తే పెరగవు. నాన్‌కొమెడోజెనిక్ (చర్మ రంధ్రాల్ని పూడ్చనిది) అని రాసి ఉన్న, సువాసన లేని జెల్ కొనండి. ముందు జెల్, అది ఆరాక ముఖమంతటికీ శనగగింజంత అడాపలీన్. పెదాల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో ముందే కాస్త పెట్రోలియం జెల్లీ అద్దితే మందు అక్కడ పేరుకోదు.