ఊరికి బస్సు అడిగేటోళ్లు ముందుగాల ఏం చెయ్యాలె – సర్పంచ్ అయిన మా బిడ్డకు

బిడ్డా,

మొన్న ఫోన్ల "పెదనాయినా, గెలిస్తే బస్సు తెప్పిస్తనని అందరికీ చెప్పిన, ఇప్పుడు ఎవర్ని పట్టుకోవాలె" అన్నవ్ కదా. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని టైప్ చేస్తున్న, అక్షరాలు తప్పు పడితే సదురుకో. నేను ఆర్టీసీల కండక్టర్‌గ చేరి కంట్రోలర్‌గ, అంటే బస్టాండ్ల బస్సుల రాకపోకలు చూసేటోనిగ, రిటైర్ అయినోన్ని, బస్సు కావాలని వచ్చే దరఖాస్తులు ఎటు పోతయో దగ్గరుండి చూసిన.

"మా ఊరికి బస్సు కావాలె" అని రాస్తే అది కట్టలల్ల కలుస్తది, అంతే. ఎందుకంటే డిపోల ఊర్ల లెక్క ఉండదు, షెడ్యూళ్ల లెక్క ఉంటది. ఈ బండి పొద్దున ఎన్నింటికి ఎళ్తది, యాడికి పోతది, డ్యూటీ యాడ దిగుతది, మొత్తం ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎంత వచ్చింది, గిదే వాళ్ల లోకం. కొత్త బస్సు అంటే బండి కావాలె, డ్రైవర్ కావాలె, కండక్టర్ కావాలె, వాళ్లు ఆఫ్‌ల ఉన్ననాడు ఇంకొకరు కావాలె, ఇవన్నీ ఏ డిపోల మిగిలి ఉన్నయ్? అదే దేవరకొండ పోయే పల్లెవెలుగు ఎట్లాగూ మన క్రాస్ రోడ్డు మీదికెల్లే పోతది కాబట్టి, పొద్దటి ఒక్క ట్రిప్పు, సాయంత్రం ఒక్క ట్రిప్పు లోపలికి నాలుగు కిలోమీటర్లు తిప్పుమను. ట్రిప్పుకు పోను రాను ఎనిమిది కిలోమీటర్లే, డీఎం (డిపో మేనేజర్) కూడా ఆలోచిస్తడు. బస్సు అడగకు, ట్రిప్పు అడుగు.

ఇంకోటి, ఊర్ల పెద్దోళ్లను కూసోబెట్టి పాత బస్సు టైం ఏందో అడుగు. 2019ల ఆర్టీసీల 52 రోజుల సమ్మె అయింది, అది తేరుకునే లోపే కరోనా వచ్చింది, అప్పుడు ఆగిన ట్రిప్పులు చాలా ఊర్లకు మళ్ళ రాలే. మనది కూడా అట్ల పోయిందే అయితే "కొత్తగ వెయ్యున్రి" అని కాకుండ "మళ్ళ నడుపున్రి" అని రాయాలె. ఒకప్పుడు నడిచిన రూటు అంటే డిపోల అడిగే ప్రశ్నలు సగం తగ్గుతయ్.

టైం మాత్రం నువ్వే తేల్చుకోవాలె, పంచాయతీ ఆఫీసుల కూసోని కాదు. ఇద్దరు పిల్లగాండ్లను నోట్ బుక్ ఇచ్చి వారం రోజులు క్రాస్ రోడ్డు కాడ నిలబెట్టు. ఎవరెవరు ఎన్నింటికి ఆటో ఎక్కుతున్నరు, యాడ దిగుతరు, కాలేజా దవాఖానా అంగడా, రాసుకోమను. అంగడి రోజు వేరుగ రాయమను, ఆ ఒక్కరోజు లెక్క చూపిస్తే డిపోల నవ్వుతరు. కాలేజీ పిల్లలు తొమ్మిదిన్నరకు కాలేజీ లోపల ఉండాలె అనుకో, బస్సు తొమ్మిదికి మన ఊర్ల ఉంటే ఎవ్వనికి పనికొస్తది? ఖాళీగ తిరుగుతది, నెల అయినంక "రెస్పాన్స్ లేదు" అని తీసేస్తరు, తప్పేమో ఊరి మీద పడ్తది. నేను చూసిన బంద్ అయిన ట్రిప్పులల్ల జనం లేక పోయినయ్ తక్కువ, టైం కుదరక పోయినయే ఎక్కువ.

రోడ్డు సంగతి. ట్రిప్పు ఇచ్చే ముందు డిపో నుంచి మనుషులొచ్చి రూటు చూసి పోతరు. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు, మన సింగిల్ రోడ్డు మూడుంబావు మీటర్లు ఉంటే గొప్ప, ఎదురుంగ ట్రాక్టర్ వస్తే ఏదో ఒకటి పక్కకు దిగాలె. ఆ పక్క మట్టి వానకు కొట్కపోయి జానెడు లోతు ఉంటే ఏ డ్రైవర్ దింపుతడు? వాళ్లు రాకముందే మొరం పోయించు, మూల మలుపుల కాడ సర్కారు తుమ్మ కొట్టించు, లేకుంటే అద్దాలు పలుగుతయ్, కిటికీ పక్క కూసున్నోళ్ల మొఖాలు గీరుకపోతయ్. బొడ్రాయి దగ్గర కిందికి వేలాడే కరెంటు వైర్లు లైన్‌మెన్‌కు చెప్పి గుంజించు. బస్సు మర్రే జాగ చూడు, అక్కడ ఎవరన్న గడ్డివాము పెట్టుకుంటే ఇప్పుడే మాట్లాడుకో, బస్సొచ్చినంక కొట్లాట వద్దు.

ఇప్పుడు అసలు ముచ్చట, నైట్ హాల్ట్. ఊర్ల పండుకునే బస్సు దొరికితే పొద్దటి ట్రిప్పు గ్యారంటీ, డిపో నుంచి రావాలె అనే బాధ ఉండదు, ఆరు గంటలకు హారన్ కొడితే ఊరంతా లేస్తది. కానీ స్టాఫ్ ఆ డ్యూటీకి ఎందుకు జంకుతరో ఎవ్వరూ ఆలోచించరు. రాత్రి తొమ్మిదింటికి దిగినంక సీట్ల మధ్యల కాళ్లు ముడుచుకోని పండుకోవాలె, దోమలు, నీళ్ల బాటిల్ అయిపోతే ఎవరి ఇంటి తలుపు కొడ్తం? కండక్టర్ కాడ ఆ రోజు కలెక్షన్ సంచి ఉంటది, అది తల కింద పెట్టుకోని నిద్ర ఏం పడ్తది. టికెట్ మెషీన్‌కు చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు కూడా ఉండదు కొన్ని ఊర్లల్ల, తెల్లారి మెషీన్ ఆగిపోతే మాటలు పడేది కండక్టరే. కాబట్టి పంచాయతీ బిల్డింగుల ఒక రూము, రెండు మంచాలు, ఫ్యాను, ప్లగ్గు, లోపల గడియ, పక్కకు బాత్రూం, ఇవి ముందే పెట్టి ఫొటోలు తీసి దరఖాస్తుకు జత చెయ్యి. తాళం చెవి ఒక్కని దగ్గరే ఉండాలె, వాని నంబర్ గోడ మీద రాయించు. ఈ ఫొటోలు ఎమ్మెల్యే లెటర్ కన్నా పనిచేస్తయ్ అంటే నువ్వు నమ్మవు గాని నిజం.

ఎమ్మెల్యే లెటర్ వద్దని కాదు, తర్వాత. ముందు గ్రామసభ తీర్మానం, ఆ నోట్ బుక్ లెక్క, ఫొటోలు పట్టుకోని డీఎం దగ్గరికే పో. పైనుంచి ఒత్తిడి తెస్తే బస్సు వస్తది, దండలేస్తరు, కొబ్బరికాయ కొడ్తరు, ఫొటోల అందరూ ఉంటరు, పదిహేను రోజులకు బస్సు ఉండదు. డీఎం కాడ కదలకపోతే అప్పుడు ఆర్ఎం (రీజినల్ మేనేజర్), సోమవారం ప్రజావాణి, ఇవన్నీ ఉన్నయ్.

ఆడోళ్లకు ఒకటి గట్టిగ చెప్పాలె, నువ్వు చెప్తేనే వింటరు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద వాళ్లకు బస్సుల ఫ్రీ కదా, "పైసలే లేవు, ఇగ టికెట్ ఎందుకు" అని కొందరు తీసుకోరు. జీరో టికెట్ కొడితేనే ఆ మనిషి లెక్కల ఉంటది, దాన్ని బట్టే సర్కారు ఆర్టీసీకి కట్టిస్తది. ముప్పై మంది ఎక్కి పది టికెట్లే కొడితే మన ఊరి బస్సు కాగితం మీద ఖాళీ బస్సే. చెకింగ్ వస్తే కండక్టర్ నౌకరీ మీదికి వస్తది, వాడు మళ్ళ మన రూటుకు రానంటడు. ఆధార్ వెంట పెట్టుకోమను, ఫోన్ల ఫొటో కాదు, అసలుదే.

ఆటో పిల్లగాండ్లతోని పంచాయితీ పెట్టుకోకు. వాళ్లు మనోళ్లే, ఫైనాన్సుల బండ్లు తీసుకున్నరు, ఫ్రీ బస్సు వచ్చినకాంచి వాళ్ల కిరాయిలు పడిపోయినయ్. బస్సుకు ఐదు నిమిషాల ముందు ఆటో పెట్టి జనాన్ని ఎక్కించుకునుడు ఉంటది చూడు, అది ట్రిప్పును చంపుతది. వాళ్లను పిలిచి కూసోబెట్టు, ఆ రెండు టైముల బస్సును వదిలెయ్యిన్రి, మిగతా రోజంతా మీదే, తండాల నుంచి బస్సు కాడికి మనుషులను తెచ్చేది మీరే అని చెప్పు. ఒప్పుకుంటరు, అందరూ కాకపోయినా.

బస్సు మొదలైనంక ఏ రోజన్న రాకపోతే ఊకోకు, అదే పూట డిపోకు ఫోన్ చెయ్యి, తేదీ టైం రాసి పెట్టుకో. మూడు రోజులు అడిగేటోడు లేడని తెలిస్తే నాలుగో రోజు ఆ బండి ఇంకో రూటుకు పోతది.

డీఎంను కలిసే ముందు ఆ కాగితం నాకు వాట్సప్‌ల పెట్టు, ట్రిప్పు టైములు నేను ఒకసారి చూసి చెప్త. ఎండాకాలం సెలవులల్ల మాత్రం ఇయ్యకు, స్కూల్లు తెరిచే ముంగట ఇయ్యి.

మీ పెదనాయిన