నగరం నిషేధించిన ఫ్లేవర్ పొగాకు అమ్మకాన్ని రాష్ట్రం మళ్లీ అనుమతించగలదా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అనుమతించగలదు. మెంథాల్ సిగరెట్లు, పండ్ల రుచుల వేప్‌ల (ఈ-సిగరెట్ల) అమ్మకంపై స్థానిక సంస్థలకున్న అధికారాన్ని రాష్ట్రం చట్టం చేసి తీసివేయడాన్ని ప్రీఎంప్షన్ అంటారు. అమ్మకాలను కట్టడి చేసే అధికారాన్ని 2009 నాటి ఫెడరల్ చట్టం రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ మిగిల్చింది కాబట్టి, తగవు ఎక్కువగా ఆ రెండింటి మధ్యే నడుస్తుంది.

ఒహాయో రాష్ట్రం సంగతి చూడండి. అక్కడి కొలంబస్ నగర మండలి 2022 డిసెంబరులో నిషేధం విధించి, 2024 జనవరి 1 నుంచి అమలు చేయాలని నిర్ణయించింది. ఆ 2022 డిసెంబరులోనే రాష్ట్ర శాసనసభ దాన్ని అడ్డుకునే బిల్లును ఆమోదించగా గవర్నర్ మైక్ డివైన్ వీటో చేశారు. 2023లో అదే నిబంధనను బడ్జెట్ బిల్లులో చేర్చితే మళ్లీ వీటో చేశారు. చివరికి 2024 జనవరిలో శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చి నిబంధనను చట్టం చేసింది. బడ్జెట్‌లో ఇలాంటి నిబంధనను ఇరికించడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

కొలంబస్‌తో పాటు మరికొన్ని నగరాలు కోర్టుకు వెళ్లాయి. నగరాలకు స్వపరిపాలన అధికారమిచ్చిన 1912 నాటి ఒహాయో రాష్ట్ర రాజ్యాంగ సవరణే వాటి ఆధారం. దాని ప్రకారం రాష్ట్ర చట్టం ప్రజలందరి నడవడికి వర్తించే నియమం పెట్టాలే తప్ప, కేవలం నగరాల చేతులు కట్టేయకూడదు. ఆ కారణంగానే కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జి 2024లో ఈ చట్టం చెల్లదన్నారు. ఇలాంటి రాజ్యాంగ రక్షణ లేని రాష్ట్రాల్లో నగరాలకు ఈ వాదన దొరకదు. కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్రమే ఫ్లేవర్ పొగాకును నిషేధించి, అంతకన్నా కఠినమైన స్థానిక నిబంధనలకు చోటు వదిలింది.