బయాప్సీలో ఏమీ లేదన్నారు, మందులు ఆపేయాలా?

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే దగ్గర పని. ఎడమ మోచేతి కింద ఏడాదిగా రాగి రంగు మచ్చ ఉంది. దురద లేదు. పీహెచ్‌సీలో దూదితో తాకి చూసి కుష్ఠు అని మందులు మొదలుపెట్టారు. ఊళ్లో పెద్ద రోగం అంటారేమోనని టెన్షన్‌తో ప్రైవేటులో బయాప్సీ (చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాం. కుష్ఠు క్రిములు లేవు, మామూలు వాపే అని రిపోర్టు వచ్చింది. ఈమధ్య చిటికెన వేలు కాలి బొబ్బెక్కినా ఆయనకు తెలియలేదు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక సోదరి, పలాస

జవాబు: అమ్మా, మందులు ఆపొద్దు. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాశారు. వేలు కాలినా తెలియలేదంటే, మోచేయి వెనక నుంచి చిటికెన వేలికి వెళ్లే నరం దెబ్బతిని ఉండొచ్చు. ఆ నరాన్ని వేళ్లతో తడిమి చూడాలి. కుష్ఠులో అది తాడులా లావెక్కి చేతికి తగులుతుంది.

శోభి మచ్చకు, బొల్లికి స్పర్శ పోదు. కళ్లు మూసుకున్న మనిషి, దూది తాకిన చోటు మచ్చ మీద మళ్లీ మళ్లీ చూపించలేకపోతే అది కుష్ఠు అనడానికి బయాప్సీ అక్కర్లేదు. మచ్చలు ఒకటీ రెండూ ఉన్నవాళ్లలో క్రిములు చాలా తక్కువ. మైక్రోస్కోపు కింద కనపడకపోవడమే మామూలు. పైగా ముక్క మచ్చ అంచు నుంచి, కింద కొవ్వు దాకా తీయాలి. పైపైన తీస్తే నరం చుట్టూ ఉండే మార్పులు అందులోకి రావు. మీ రిపోర్టు ఆ చిన్న ముక్క గురించే చెప్పింది, మీ ఆయన చేయి గురించి కాదు.

బయాప్సీ దండగ అనడం లేదు. ముఖం మీద మచ్చకు స్పర్శ అంత తేలిగ్గా పోదు, చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు, చర్మ క్షయ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. అలాంటప్పుడు నేనే రాసిస్తాను.

చాలా ఏళ్ల కిందట పొందూరు నుంచి ఒకావిడ వచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికే మనిషి. మచ్చకు స్పర్శ లేదని నా చేత్తో నేనే చూశాను. బయాప్సీలో ఏమీ రాలేదని మూడు నెలలు ఆగాను. తిరిగి వచ్చేసరికి చివరి రెండు వేళ్లూ ముడుచుకుపోయాయి. పత్తి పట్టుకోబోతే జారిపోతోంది. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి రిపోర్టు విప్పకముందే చేయి పట్టుకుని చూస్తున్నాను.

మచ్చలు 5 వరకు ఉండి, దెబ్బతిన్న నరం ఒకటికి మించకపోతే 6 నెలల మందు. మచ్చలు 6 లేదా అంతకంటే ఎక్కువున్నా, నరాలు ఒకటి కంటే ఎక్కువైనా 12 నెలలు. ఎంతైనా ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. నరం పోటు పెట్టినా, పట్టు తగ్గినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తొందరగా స్టెరాయిడ్ పడితే చాలామందికి బలం తిరిగొస్తుంది. పిల్లల ఒళ్లు కూడా ఒకసారి చూపించండి.

పొయ్యి దగ్గర పని కొన్నాళ్లు మార్పించండి. రోజూ రాత్రి దీపం దగ్గర ఆయన చేతులు రెండూ మీరే తిప్పి చూడండి. కాలిన మచ్చ ఆయనకు తెలియదు, మీకు కనపడుతుంది. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే కాకుండా, ల్యాబ్ వాళ్ల దగ్గరున్న స్లైడు (ముక్కను పరీక్షించిన గాజు పలక), బ్లాకు (మైనంలో ఉంచిన ఆ ముక్క) కూడా అడిగి తీసుకెళ్లండి.