యాజమాన్య కోటా అడ్వాన్సు కట్టే ముందు క్యాప్ సీటు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: ఆర్మీలో హవల్దార్‌గా చేసి రెండేళ్ల కిందట రిటైరై గుంటూరు వచ్చేశాను. వయసు 44. పెన్షన్ నెలకు 31 వేలు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, గ్రూప్ ఇన్సూరెన్స్ అన్నీ కలిపి బ్యాంకులో 18 లక్షలున్నాయి. అమ్మాయికి ఇంటర్‌లో 91 శాతం వచ్చింది గానీ ఈఏపీసెట్ ర్యాంకు అంత గొప్పగా రాలేదు. దగ్గర్లోని ఒక ప్రైవేటు కాలేజీలో యాజమాన్య కోటాలో సీఎస్‌ఈ సీటు ఉందన్నారు. ఏడాదికి 3.25 లక్షలు. ఈ వారమే అడ్వాన్సు కట్టమంటున్నారు. అబ్బాయి తొమ్మిదో తరగతి. మాజీ సైనికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్‌లతో ఈ ఫీజు గట్టెక్కుతుందా? నేనూ డిగ్రీ చేద్దామనుకుంటున్నాను.

జవాబు: గట్టెక్కదండీ. ముందు ఆ అడ్వాన్సు ఆపండి. కట్టాక వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

మీ అమ్మాయికి రాగల పెద్ద స్కాలర్‌షిప్ కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. అంటే అమ్మాయికి ఏడాదికి 36 వేలు, నాలుగేళ్లకు 1.44 లక్షలు. మీరు చెప్పిన సీటుకు నాలుగేళ్ల ఫీజే 13 లక్షలు. తొమ్మిదో వంతు కూడా రాదు. ఫీజు రీయింబర్స్‌మెంటును అసలు లెక్కలో వేసుకోవద్దు. దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు, మీ పెన్షనే 3.72 లక్షలవుతోంది.

మీకున్న అసలు ఆస్తి స్కాలర్‌షిప్ కాదు, క్యాప్ (చిల్డ్రన్ ఆఫ్ ఆర్మ్‌డ్ పర్సనల్) కోటా. సైనికుల పిల్లలకు ఈఏపీసెట్ కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 2 శాతం ఉంటుంది. యాజమాన్య సీట్లకు ఇది వర్తించదు. కన్వీనర్ సీటు ఫీజు 80 వేలు అనుకుంటే నాలుగేళ్లకు 3.2 లక్షలు. తేడా 9.8 లక్షలు. అమ్మాయికొచ్చే స్కాలర్‌షిప్ మొత్తానికి ఇది దాదాపు ఏడు రెట్లు. అందుకే కౌన్సెలింగ్ ముగిసేదాకా ఆగమంటున్నాను.

ఈఏపీసెట్ దరఖాస్తులో ప్రత్యేక కేటగిరీ దగ్గర క్యాప్ అని పెట్టారో లేదో ఈరోజే చూడండి. తర్వాత గుంటూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), మాజీ సైనికుల గుర్తింపు కార్డు, అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో ఒరిజినళ్లతో వెళ్లి క్యాప్ సర్టిఫికెట్ తీసుకోండి. క్యాప్ వాళ్ల పత్రాలను మామూలు పరిశీలనతో కాకుండా విడిగా చూస్తారు. ఆ తేదీ తప్పితే అమ్మాయి మామూలు ర్యాంకు మీదే మిగిలిపోతుంది, కాబట్టి కౌన్సెలింగ్ షెడ్యూల్‌లో దాన్ని ముందే గుర్తు పెట్టుకోండి. ఇంకో మాట. క్యాప్‌లో ముందు ప్రాధాన్య క్రమం, తర్వాతే ర్యాంకు. యుద్ధంలో అమరులైనవారి, వికలాంగులైనవారి పిల్లలు ముందుంటారు, ఉండాలి కూడా. సాధారణంగా రిటైరైనవారి పిల్లలు ఆ తర్వాత వస్తారు. అందుకని వెబ్ ఆప్షన్లలో పైన నాలుగు కాలేజీలు పెట్టి ఊరుకోవద్దు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మీకు నచ్చినవన్నీ, సీఎస్‌ఈతో పాటు ఐటీ, ఈసీఈ కూడా పెట్టండి.

సైనికుల కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది స్థానికత దగ్గర. అమ్మాయి మీ పోస్టింగులతో పాటు వేర్వేరు రాష్ట్రాల కేంద్రీయ విద్యాలయాల్లో చదివి, ఇంటర్ రెండేళ్లే గుంటూరులో చదివి ఉంటే, వరుసగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూపించలేరు. 85 శాతం స్థానిక సీట్లకు ఆ నాలుగేళ్లు కావాలి. తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం పోను, రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు తహసీల్దార్ నివాస ధ్రువీకరణ ఇస్తే మిగతా 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకైనా పోటీపడొచ్చు. ఆ పత్రానికి రోజులు పడతాయి, ఇప్పుడే దరఖాస్తు చేయండి.

సీటు వచ్చాక ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ సంగతి. దీనికి మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. రెండో ఏడాది గుర్తొచ్చి వెళితే తీసుకోరు (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ వాళ్ల సంగతి వేరు). ఇంటర్‌లో 60 శాతం చాలు, మీ అమ్మాయికి ఆ బాధ లేదు. దేశం మొత్తానికి ఏటా 5,500 మాత్రమే, సగం ఆడపిల్లలకు. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో. కాలేజీ బోనఫైడ్, సైనిక సంక్షేమ కార్యాలయం సర్టిఫికెట్, బ్యాంకు సర్టిఫికెట్ మూడూ బోర్డు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. కాలేజీ ఆఫీసులో అలవాటుగా ఇచ్చే బోనఫైడ్ పనికిరాదు. నమూనా ప్రింటు తీసి ఇచ్చి, దాని మీదే సంతకం, ముద్ర వేయించుకోండి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరున, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

దరఖాస్తులు వెనక్కి రావడానికి సాధారణ కారణం పేరు. మీ డిశ్చార్జ్ బుక్‌లో, పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు నమోదు చేసే ఆర్మీ పత్రం) అమ్మాయి పేరు ఇంటిపేరు లేకుండా ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో వెనక ఉంటుంది. పుట్టిన తేదీ కూడా ఒక్కోసారి కలవదు. మీ రికార్డ్స్ ఆఫీసుకు రాసి సరిచేయించుకోవడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి సీటు కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. అబ్బాయి వివరాలు కూడా ఆ ఉత్తరంలోనే కలపండి.

స్కాలర్‌షిప్ ఏటా కొనసాగాలంటే కనీసం 50 శాతం రావాలి. బ్యాక్‌లాగ్ పడితే ఆ డబ్బుకే ఎసరు. మార్కులు సీజీపీఏలో ఉంటాయి కాబట్టి శాతంలోకి మార్చిన పత్రం కాలేజీ నుంచి ఏటా తీసుకోవాలి.

అబ్బాయికి రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉంది. హవల్దార్, అంతకు కింది ర్యాంకుల వారి పిల్లలకు, ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు నెలకు 1,000 నుంచి 2,000కు పెంచారు, అంటే ఏడాదికి 24 వేలు. పాసైన తరగతికి మార్కుల మెమో పెట్టి అడగాలి, 50 శాతం ఉండాలి. అమ్మాయికి మాత్రం ఒకే ఏడాదికి ఇదీ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పూ రెండూ లెక్కలో వేసుకోకండి.

ఇక 18 లక్షలు. కన్వీనర్ సీటు వస్తే ఫీజు 80 వేలు, బస్సు, పరీక్షలు, పుస్తకాలకు 40 వేలు, ఏడాదికి 1.2 లక్షలు. మొదటి ఏడాది సొమ్ము సేవింగ్స్‌లో ఉంచండి. 1.2 లక్షల చొప్పున మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏడాది, రెండేళ్లు, మూడేళ్లకు వేయండి. ఫీజు గడువుకు నెల ముందు మెచ్యూర్ అయ్యేలా చూసుకుని, ఆటో రెన్యువల్ వద్దని చెప్పండి. మొత్తం 4.8 లక్షలు. ఇంత చేతిలో ఉండగా విద్యా రుణం అక్కర్లేదు. స్కాలర్‌షిప్ ఎప్పుడూ ఫీజు కట్టిన తర్వాతే వస్తుంది. దాన్ని ఫీజుకు నమ్ముకోకుండా, వచ్చిన రోజే అబ్బాయి చదువు కోసం మరో డిపాజిట్‌లో వేయండి. మిగతా 13.2 లక్షలు కదపొద్దు. రిటైరైన సైనికులు 50 ఏళ్లకే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో చేరొచ్చు, మీకింకా ఆరేళ్లుంది. అప్పటిదాకా ఇవీ డిపాజిట్లలోనే ఉండనివ్వండి.

మీ డిగ్రీ విషయం. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పిల్లలకు, సైనికుల భార్యల్లో భర్తను కోల్పోయినవారికి మాత్రమే, మీకు రాదు. పదిహేనేళ్ల సర్వీసు మీద ఇచ్చే గ్రాడ్యుయేషన్ సమాన పత్రం గ్రూప్ సి ఉద్యోగాలకు పనికొస్తుంది, దాంతో పీజీలో చేరలేరు. పై చదువు కావాలంటే ఇగ్నోలో డిగ్రీ చేయండి. దానికి విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఫీజు మీ నెల పెన్షన్‌లోంచి పెట్టుకోగలిగినంతే. బ్యాంకు ఉద్యోగమో మరొకటో చూస్తుంటే మాత్రం, ముందు ఆ నోటిఫికేషన్‌లో సమాన పత్రాన్ని ఒప్పుకుంటున్నారేమో చదివి, ఆ తర్వాతే మూడేళ్లు పెట్టండి.