జంగ్‌సన్ వెళ్లేముందు ఒక్కసారి ఇది చదువు

చి. అమ్మలుకి,

ఆశీస్సులు. నువ్వూ అల్లుడుగారూ అక్టోబరులో దక్షిణ కొరియా కొండల్లో ఉన్న జంగ్‌సన్ వెళ్తున్నామని రాశావు, సంతోషం. కానీ నువ్వు పంపిన ప్లాను చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. పొద్దున్నే సోల్‌లో బయల్దేరి, సంత చూసి, రైలు పట్టాల మీద నడిచే రైల్ బైక్ తొక్కి, రాత్రికి ఇల్లు చేరడమా? అలా వద్దమ్మా. రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక్కరోజులో వచ్చిపోయేవాళ్లు ఉత్తరాన ఉన్న ఏరు చూసి వెనక్కి తిరుగుతారు. దక్షిణాన ఉన్న బొగ్గు ఊళ్ల మొహం కూడా చూడరు. ఆ బొగ్గు సంగతి తెలియకపోతే జంగ్‌సన్ అర్థం కాదు. మీరు తొక్కబోయే పట్టాలు కూడా బొగ్గు కోసం వేసినవే.

ముందు తేదీ సంగతి. సెలవులు చూసుకుని కాదు, సంత చూసుకుని ప్రయాణం పెట్టుకోండి. జంగ్‌సన్ సంత అయిదు రోజులకోసారి, తేదీ చివర 2 గానీ 7 గానీ ఉన్న రోజున జరుగుతుంది. శనివారాలు కూడా జనం ఉంటారు, కానీ సంత రోజు కళే వేరు. కొండల్లోంచి వచ్చిన ముసలమ్మలు ఎండబెట్టిన ఆకుకూరలూ వేర్లూ ముందు పరుచుకుని కూర్చుంటారు.

రైలైతే సోల్‌లోని చంగ్న్యంగ్ని స్టేషన్లో ఎక్కాలి. మిన్‌దుంగ్‌సాన్ దాకా సుమారు మూడు గంటలు. అక్కణ్నుంచి జంగ్‌సన్‌కి చిన్న శాఖ లైనుంది. దాని మీద రోజుకి నడిచే బళ్లు బహు తక్కువ. అందుకని ముందు ఆ చిన్న బండి టైము చూసుకుని, దానికి సరిపోయేలా సోల్ బండి బుక్ చేయి. కుదరకపోతే తూర్పు సోల్ బస్ టెర్మినల్ నుంచి నేరుగా బస్సు దొరుకుతుంది. ఫోన్లో నేవర్ మ్యాప్ అనే కొరియా యాప్ పెట్టుకోండి, పల్లె బస్సుల వేళలు అందులో బాగా తెలుస్తాయి.

మీరిద్దరూ మాంసం తినరు కాబట్టి తిండి గురించి కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడి అసలు భోజనం గొందురె బప్. కొండల్లో దొరికే ఒక ఆకుకూరని బియ్యంతో కలిపి వండి, పైన పెరిల్లా అనే మొక్క గింజల నూనె వేస్తారు. మన తోటకూరలా మెత్తగా ఉంటుంది, చేదుండదు. వెనకటికి బియ్యానికి కటకటగా ఉన్న రోజుల్లో గుప్పెడు బియ్యంలో ఈ ఆకు కలిపి ఇంటిల్లిపాదీ కడుపు నింపుకునేవారట. అన్నం వరకు మీకు ఇబ్బంది లేదు. పక్కన పెట్టే పులుసులో మాత్రం చేపల రసం ఉంటుంది, కూరగాయలు పులియబెట్టి చేసే కిమ్‌చీలో చేప సాస్ ఉంటుంది. ముందే అడిగి వద్దనుకోండి.

సంతలో అట్లు పోసే చోట తప్పకుండా ఆగండి. ఇనప పెనం మీద నూనె రాసి, ఉప్పులో నానిన క్యాబేజీ ఆకులూ ఉల్లికాడలూ ముందు పరుస్తారు. ఆ పైన బాగా పల్చటి బక్‌వీట్ పిండిని గరిటెతో తిప్పుతూ పోస్తారు. అంచు లేచేదాకా కదపరు. లేచాక ఒక్క విసురులో తిరగేస్తారు. జొన్నపిండి అట్టు కూడా అడగండి, లోపల ఎర్రటి చిన్న గింజల తీపి పూర్ణం పెట్టి మడుస్తారు. జొన్నలు మనకే సొంతమనుకునే అల్లుడుగారికి అది తప్పక తినిపించు!

రెండోరోజు పొద్దున గుజల్లి వెళ్లండి. రైల్ బైక్ అక్కడ మొదలై అవురాజి దాకా 7.2 కిలోమీటర్లు ఏటి పక్కనే సాగుతుంది. ఎక్కువ భాగం పల్లమే కాబట్టి మోకాళ్లకి భయం లేదు. చివర చిన్న రైలు మళ్లీ గుజల్లికి చేరుస్తుంది. గనులు మూతబడి బళ్లు ఆగిపోయాక, 2005లో ఈ పట్టాలని ఇలా వాడుకోవడం మొదలుపెట్టారు. అక్టోబరులో టికెట్లు ముందే అయిపోతాయి, ఇవాళే చూడు.

అవురాజి రెండు ఏర్లు కలిసే చోటు. పూర్వం కొండల్లో కొట్టిన దుంగలని ఇక్కడ తెప్పలుగా కట్టి, నది మీదుగా అప్పటి రాజధాని హాన్యాంగ్ (ఇప్పటి సోల్) దాకా నడిపించేవారు. ఏటికి ఆ గట్టున ఒకరూ ఈ గట్టున ఒకరూ ఉన్న ప్రేమికులు, వరదకి పడవ ఆగిపోయి కలుసుకోలేకపోయారన్న కథ జంగ్‌సన్ అరిరాంగ్ అనే జానపద పాటలో ఉంది. అరిరాంగ్ పాటలని యునెస్కో 2012లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఊళ్లో ఎవరైనా పాడుతుంటే నిలబడి వినండి. మనం టీవీలో వినే అరిరాంగ్ కంటే ఇది చాలా నెమ్మది, పొలం పనుల్లో పాడుకునే పాటలా సాగుతుంది.

హ్వాఆమ్ గుహ దారిలో కుదిరితేనే. పాత బంగారు గనీ సున్నపురాయి గుహా కలిసిన చోటు, లోపల 365 మెట్లు దిగాలి. చూడదగ్గదే, కానీ దానికోసం మూడోరోజు మాత్రం వదులుకోకండి.

రెండో రాత్రి దక్షిణాన ఉన్న బొగ్గు ఊరు గోహాన్‌లో దిగండి. మూడోరోజు మొదట జంగామ్సా గుడికి వెళ్లండి. 645లో జాజాంగ్ అనే భిక్షువు స్థాపించాడంటారు. ప్రధాన మందిరంలో బుద్ధుడి విగ్రహం ఉండదు, ఖాళీ పీఠం చూసి కంగారు పడొద్దు. బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, వెనక కొండ మీది సుమానో స్తూపంలో ఉన్నాయని నమ్మకం. అందుకే విగ్రహం పెట్టలేదు. మన అమరావతిలోనూ తొలినాళ్లలో విగ్రహం లేకుండానే కొలిచారు కదా, నీకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. మెట్లెక్కి స్తూపం దాకా వెళ్లండి. ఇటుకల్లా చెక్కిన రాళ్లతో కట్టిన ఏడంతస్తుల స్తూపం. 2020లో జాతీయ నిధిగా ప్రకటించారు.

అక్కడికి దగ్గర్లోనే సాంతాన్ ఆర్ట్‌మైన్. 2001లో మూసేసిన గనిని 2013లో కళాకేంద్రంగా తెరిచారు. బొమ్మల కంటే కార్మికులు స్నానం చేసిన గది దగ్గర ఎక్కువసేపు ఉండండి. తెరిచి ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

అన్నిటికంటే నేను చూడమనేది దోరొంగి చెరువు. ఉంతాన్‌గోదో అని, బొగ్గు లారీల కోసం కొండ నడుమున వేసిన మట్టిదారి ఇప్పుడు నడకదారి అయింది. ఆ దారి పక్కన అడవిలో ఉందీ చెరువు. కింద సొరంగాలు తవ్వడంతో నేల కుంగి, ఆ గుంటలో నీళ్లు నిలిచాయి. గని కార్మికుల భార్యలు ఈ చెరువుకొచ్చి, నీళ్లలో బల్లుల్లాంటి సాలమాండర్లు బతికున్నాయా లేదా అని చూసుకునేవారట. అవి కదులుతుంటే కింద తమవాళ్లు క్షేమం అని నమ్మకం. సింగరేణి ఊళ్లలో షిఫ్టు ముగిసి మనిషి గుమ్మంలోకి వచ్చేదాకా కుదురుగా కూర్చోలేని ఇల్లాళ్లని నేనెరుగుదును. ఆ గట్టున నిలబడితే వాళ్లే గుర్తొస్తారు. దయచేసి ఆ నీళ్లలో రాళ్లు వేయకండి, అరవకండి.

మిన్‌దుంగ్‌సాన్ కొండ ఎత్తు 1,119 మీటర్లు. అక్టోబరులో పైనంతా మన రెల్లులాంటి గడ్డి పూసి తెల్లగా ఊగుతుంటుంది. ఎక్కడానికి ఓ రెండు గంటలు. చెరువూ కొండా ఒకేరోజు పెట్టుకోవద్దు. ఎక్కాలనుంటే ఇంకో రాత్రి ఉండండి.

గోహాన్ పక్కూరు సాబుక్‌లో పెద్ద కాసినో (జూదశాల) ఉంది. 1989 నుంచి గనులు వరసగా మూతబడి ఊళ్లు ఖాళీ అయ్యాక, బతుకుదెరువు కోసమని 2000లో తెరిచారు. కొరియా వాళ్లని రానిచ్చే కాసినో దేశంలో అదొక్కటే. మీరు మాత్రం లోపలికి వెళ్లొద్దు. సాబుక్ వీధిలో తాకట్టు దుకాణాల బోర్డులు వరసగా కనిపిస్తాయి, కారణం చెప్పనక్కర్లేదు. 1980 ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో గని కార్మికులు కూలి కోసం తిరగబడి దెబ్బలు తిన్నారు. అది గుర్తుపెట్టుకుని ఆ వీధిలో నడవండి.

కొండమీద రాత్రుళ్లు అప్పటికే చలి గట్టిగా ఉంటుంది, మందపాటి స్వెట్టర్లు పెట్టుకోండి. పల్లె బస్సు ఒకటి తప్పితే తర్వాతిది ఎప్పుడో, అందుకని గోహాన్ చుట్టుపక్కలకి టాక్సీ మాట్లాడుకోండి, దూరాలు తక్కువే. టికెట్లు తీసుకున్నాక తేదీలు నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ