ముత్తాతగారి కార్డుల్లో తాతమ్మ ఏది?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో, వాళ్ళ నాన్నగారు మద్రాసు నుంచి పిఠాపురం దగ్గరున్న మా ఊరికి రాసిన కార్డులు పద్నాలుగు దొరికాయి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. ఇంగ్లీషు తేదీ లేదు, ఒకదాని మీద మాత్రం ‘స్వభాను కార్తీక బ 3’ అని ఉంది. అన్నీ ముత్తాతగారు తన తండ్రిగారి పేరునే రాశారు, మా తాతమ్మ గురించి ఒక్క ముక్క లేదు. అంత పట్టనట్టు ఉండేవారా ఆయన? మా అబ్బాయేమో వీటిని లామినేషన్ చేయిద్దాం అంటున్నాడు.
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: తేదీ సంగతి తేలికే. స్వభాను అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి అయితే 1883, కాకపోతే 1943. కార్డు మీద విక్టోరియా రాణి తల ఉంటే 1883 అన్నమాట, కార్తీక బహుళ తదియ అంటే నవంబరు మధ్యలో. అప్పటికి మన దేశంలో పోస్టుకార్డు వచ్చి నాలుగేళ్ళే, 1879 జూలైలో మొదలెట్టారు, ఖరీదు కానీ, అంటే పావు అణా. అంతకుముందు కవరు ఉత్తరానికి అర్ధణా అయ్యేది. మరి కానీకి దొరికిన కార్డులో ఖాళీ వదలడానికి ఎవరికి మనసొప్పుతుంది!

ఇక తాతమ్మగారు. పట్టనట్టు ఉండేవారని అప్పుడే అనేయకండి. కార్డుకి మూతా ముసుగూ ఉండవు, తెచ్చినవాడి దగ్గర్నుంచి అరుగు మీద కూర్చున్న కరణంగారి దాకా ఎవరైనా చదవొచ్చు, ఇంట్లోకి వచ్చాక పెద్దాయన అందరికీ వినపడేలా చదివించుకుంటారు. తండ్రి బతికుండగా పెళ్ళాం పేరున ఉత్తరం రాస్తే నలుగురూ నవ్వరూ? పైగా ఆవిడకి చదువు వచ్చో రాదో. వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిందే 1874లో.

అందుకని ఆవిడని పేరుతో వెతక్కండి. ‘పిల్లవాని తల్లికి’, ‘ఇంట్లో’, ‘యావన్మందికీ’ లాంటి మాటల దగ్గర ఆగి చూడండి. పైన సగం ఎలాగూ ‘మహారాజరాజశ్రీ’, ‘ఉభయకుశలోపరి’, సాష్టాంగ నమస్కారాలతో పోతుంది, ఆ తర్వాత శిస్తూ కౌలూ గొడవలు, అసలు మాట చివర్లో మూలకి ఇరికించి ఉంటుంది. మా ఇంట్లో ఉన్న కట్టలో ఓ కార్డు ఇలాంటిదే. నిండా ధాన్యం లెక్కలు రాసి, అడుగున ‘చెల్లాయికి రెండు చీరలు పంపుతున్నాను’ అన్నారాయన. చెల్లెలు ఒక్కతే, పండక్కి చీర కూడా ఒక్కటే పెట్టే ఇల్లు మాది. రెండోది ఎవరికో చదివినవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది, ఎవరూ పైకి అని ఉండరు.

ఇంకోటి, మీ కట్టలో చావు కబురు ఒక్కటీ కనపడకపోతే ఆశ్చర్యపోకండి. అలాంటి ఉత్తరాన్ని గడప బయటే చదివి చించేసి, స్నానం చేసి లోపలికి వచ్చేవారు, ఇంట్లో దాచేవారు కాదు. అందుకే ఓ మనిషి అన్ని ఉత్తరాల్లోనూ ఉండి ఉన్నట్టుండి మాయమైపోతే, ఆ సమయంలో ఏదో జరిగి ఉండొచ్చు. తర్వాతి కార్డుల్లో ‘సౌభాగ్యవతి’ పోయి ‘గంగాభాగీరథీ సమానురాలైన’ (భర్త పోయినవాళ్ళకి రాసే మాట) అని ఎవరి పేరు ముందైనా వచ్చిందా చూసుకోండి.

లామినేషన్ మాత్రం వద్దమ్మా, మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. వేడికీ జిగురుకీ అతుక్కున్న కాగితాన్ని మళ్ళీ ఊడదీయలేం. చిరిగినచోట సెల్లోటేపు కూడా వేయకండి, నాలుగేళ్ళకి పసుపు మరక దిగుతుంది. ఫోనుతో రెండు వైపులా ఫొటోలు తీసుకుని, యాసిడ్ లేని కాగితం మధ్య పెట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. పోస్టాఫీసు ముద్ర ఉన్న వైపు కాస్త దగ్గరగా తీయండి, తేదీ లేని మిగతా పదమూడింటికీ అదే ఆధారం.